రెండు వారాల తర్వాత మళ్లీ ఎక్స్‌రే తీయించండి

సంపాదకులు గారికి,

నమస్కారం. పోయిన ఆదివారం మీ జిల్లా పేజీలో ఒక ఫొటో వేశారు. తెల్లారకముందే ఆరేడుగురు కుర్రాళ్లు హైవే పక్కన సర్వీసు రోడ్డు మీద పరుగు తీస్తున్నారు. కింద ‘ఆర్మీ ర్యాలీకి సన్నద్ధం’ అని ఉంది. ఆ ఫొటో చూసి మా ఆయన మురిసిపోయారు. నా చూపు మాత్రం వాళ్ల పాదాల మీదే ఆగిపోయింది. ఇద్దరికి బూట్లు లేవు, ఒకడివి అరిగిపోయిన కాన్వాసు బూట్లు. అప్పటినుంచి ఈ ఉత్తరం రాయాలని మనసు పీకుతూనే ఉంది. పొడుగైతే తగ్గించి వేసుకోండి, కానీ మణికట్టు సంగతి మాత్రం తీసెయ్యకండి.

నేను 31 ఏళ్లు జిల్లా పరిషత్ హైస్కూళ్లలో జీవశాస్త్రం చెప్పి రిటైరయ్యాను. అస్థిపంజరం పాఠం ఏటా చెప్పేదాన్ని. పిల్లలకి పుస్తకం మూయించి సొంత చేతులే చూసుకోమనేదాన్ని. పిడికిలి బిగించి 31 రోజుల నెలలు, 30 రోజుల నెలలు లెక్కపెట్టుకుంటాం చూడండి, ఆ మెట్టలు అరచేతి ఎముకల తలలు. బొటనవేలిది కూడా కలిపితే అవి 5. జపం చేసేటప్పుడు మా అత్తగారు బొటనవేలితో ఒక్కో కణుపూ తాకుతూ పోయేవారు. ఆ కణుపుల లెక్కే వేళ్ల ఎముకల లెక్క. నాలుగు వేళ్లకి మూడేసి, బొటనవేలికి రెండే, మొత్తం 14. ఇక మణికట్టులో గులకరాళ్లు పేర్చినట్టు రెండు వరుసల్లో 8. అంతా కలిపితే ఒక చేతికి 27. పాదంలో మడమ, చీలమండ వైపు 7, మధ్యలో 5, వేళ్లలో 14, మొత్తం 26. రెండు చేతులు, రెండు పాదాలు కలిపితే 106. ఒంట్లో ఉన్నవే 206. అంటే సగానికి పైగా ఎముకలు మణికట్టు కింద, చీలమండ కిందే ఉన్నాయి. ఈ మాట చెప్పగానే క్లాసంతా చేతులు తిప్పి తిప్పి చూసుకునేది. ఏ ఏడూ ఆ దృశ్యం నాకు పాతబడలేదు.

ఇంత చెప్పిన నేనే మా చిన్నబ్బాయి విషయంలో మోసపోయాను.

మూడేళ్ల కిందట కనుమ నాడు ఊళ్లో కుర్రాళ్లు కళ్లంలో కబడ్డీ ఆడారు. కోతలై గట్టిపడ్డ నేల. కూతకి వెళ్లిన మావాణ్ని వెనకనుంచి పట్టేశారు. పడబోతూ కుడిచెయ్యి చాచి నేలకి ఆనించాడు. అరచెయ్యి నేల మీద, మణికట్టు వెనక్కి విరిచినట్టు వంగింది, ఒంటి బరువంతా దాని మీదే పడింది. ఇంటికొచ్చి, “ఏటీ అవలేదమ్మా, కొంచెం బెనికింది” అన్నాడు. వాపు కూడా పెద్దగా లేదు. అయినా మర్నాడు టౌన్‌లో ఒక చిన్న ఆసుపత్రికి తీసుకెళ్లాం. ఎదురుగా ఒకటి, పక్కగా ఒకటి రెండు ఎక్స్‌రేలు తీశారు. ఎముకలో ఏమీ లేదు, బెణుకే అన్నారు. సాగే గుడ్డ చుట్టి, ఐదు రోజులకి నొప్పి మాత్రలు రాసి పంపేశారు.

ఆ డాక్టరు అబద్ధం చెప్పారని నేననను. ఆరోజు ఫిల్ములో నిజంగానే ఏమీ కనబడి ఉండదు. నా ఫిర్యాదల్లా ఒక్కటే. రెండు వారాల తర్వాత మళ్లీ రమ్మని ఎవరూ అనలేదు. చీటీ మీద కూడా రాయలేదు.

మావాడికి ఆర్మీ పిచ్చి. మన జిల్లాలో అది ఎంత సహజమో మీకు తెలుసు. ఏ ఊరికెళ్లినా సెలవు మీద వచ్చిన ఫౌజీ ఒకడైనా కనిపిస్తాడు. నొప్పి కాస్త తగ్గగానే వాడు మళ్లీ గ్రౌండుకి పోయాడు. బీమ్‌కి వేలాడి పైకి లేవడం, దండీలు తీయడం, రోజూ అదే పని. నడుమ పక్క ఊరి ఆయనెవరో నూనె రాసి, లాగి, గట్టిగా పిసికి పంపాడట. ఆ సంగతి నాకు చాన్నాళ్లకి గాని తెలీలేదు.

ఆషాఢంలో ఒకరోజు పెరట్లో బోరింగు దగ్గర చూశాను. ఎడమ చేత్తో కొడుతున్నాడు. బకెట్టూ ఎడమ చేత్తోనే ఎత్తాడు. వాడు పుట్టినప్పటి నుంచి కుడిచేతి వాటం.

“చెయ్యి ఇలా చూపించరా” అన్నాను.

“ఏటీ నేదమ్మా, తగ్గిపోతాది.”

బొటనవేలు పైకి లేపమన్నాను. అలా లేపితే బొటనవేలి మొదట్లో, మణికట్టు పక్కగా, రెండు నరాల నడుమ చిన్న గుంట పడుతుంది. నిజానికి అవి నరాలు కావు, కండరాల చివర ఉండే స్నాయువులు. మనవాళ్లు వాటినీ నరాలనే అంటారు. మా తాతయ్య ముక్కుపొడుం ఆ గుంటలోనే పోసుకుని పీల్చేవాడు. వైద్యులు కూడా దాన్ని ‘ఎనటామికల్ స్నఫ్ బాక్స్’ అనే అంటారు, అంటే ముక్కుపొడుం డబ్బీ. అందులో వేలు పెడితే నాడి కొట్టుకోవడం తెలుస్తుంది. మావాడి చేతికి ఆ గుంటలో వేలితో మెల్లిగా నొక్కాను. అబ్బా అని చెయ్యి లాగేసుకున్నాడు. అంత నొప్పిని ఆర్నెల్లు దాచుకున్నాడు.

ఆ గుంట అడుగున ఉండే ఎముక పేరు స్కాఫాయిడ్. గ్రీకు భాషలో పడవ అని అర్థం. మన వేలి కణుపంత చిన్నది, నడుము దగ్గర కాస్త నొక్కినట్టు ఉంటుంది. మణికట్టు ఎముకల్లో అన్నిటికంటే ఎక్కువగా విరిగేది ఇదే. చెయ్యి చాచి పడితే దెబ్బంతా దీనికే తగులుతుంది. బొటనవేలు నిలబడేది కూడా దీని మీదే. దీని ముందు ట్రపీజియం అని జీనులాంటి ఎముక ఉంటుంది. దాని మీద బొటనవేలు గుర్రమెక్కిన మనిషిలా అన్ని వైపులా వాలుతుంది. మిగతా నాలుగు వేళ్ల ఎదుటికి వచ్చి నిలబడగలుగుతోందంటే ఆ కీలు చలవే. మా పక్కనే పొందూరు. అక్కడ ఆడవాళ్లు వాలుగ చేప దవడతో పత్తి ఏకి, ఒక చేత్తో రాట్నం తిప్పుతూ, రెండో చేతి బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య నుంచి 100 నంబరు దారం తీస్తారు. ఆ సన్నపు దారం తెగకుండా రావడానికి కింద ఈ రెండు చిన్న ఎముకలూ సరిగ్గా ఉండాలి. మన ఊసవానిపేట ఆడపడుచు కరణం మల్లీశ్వరి 2000లో సిడ్నీలో 240 కిలోలు ఎత్తి కాంస్యం తెచ్చింది. అందులో చివరగా తల మీద నిలబెట్టిన 130 కిలోలూ ఆమె రెండు మణికట్లలోంచే కిందికి దిగాయి.

విశాఖలో పెద్ద డాక్టరు గారు కొత్త ఎక్స్‌రే దీపానికి ఆనించి చూపించారు. పడవ నడుముకి అడ్డంగా నల్లటి గీత. మోచేతి వైపు ఉన్న ముక్క చుట్టూ ఉన్న ఎముకలకంటే తెల్లగా ఉంది. తెల్లగా ఉంటే మంచిదేమో అనుకుని, “ఇది గట్టిగా ఉన్నట్టేనా సార్?” అని అడిగాను. ఆయన నిదానంగా చెప్పారు. చెయ్యి వాడకం తగ్గితే బతికున్న ఎముకలు కొంచెం పలచబడతాయి. రక్తం అందని ముక్కలో ఆ మార్పు కూడా జరగదు. అందుకే అది తెల్లగా కనిపిస్తుంది. ఆ తెలుపు ఎముక చచ్చిపోతోందన్నదానికి గుర్తు.

చిన్న గీతకే ఎముక ఎందుకు చచ్చిపోవాలి? ఈ ఎముకకి రక్తం ఎక్కువ భాగం వేళ్ల వైపునుంచి లోపలికి వచ్చి, వెనక్కి మోచేతి వైపు పారుతుంది. నడుము దగ్గర విరిగితే వెనక ముక్కకి ఆ దారి మూసుకుపోతుంది. వంశధార కాలువకి మధ్యలో గండి పడితే శివారు పొలం ఎలా ఎండుతుందో అలాగే ఇదీ. తలెత్తులో నీళ్లు నిండుగా ఉన్నా శివారుకి చుక్క అందదు. దానికి తోడు విరిగిన ముక్కలు కదులుతుంటే అతుకు పడదు. మావాడు బీమ్ పట్టుకుని ఊగిన ప్రతి రోజూ ఆ రెండు ముక్కలూ ఒకదాన్నొకటి రాసుకున్నాయి. అది తలుచుకుంటే ఇప్పటికీ నాకు కడుపులో తిప్పుతుంది.

మరి మొదటి ఎక్స్‌రేలో ఎందుకు కనబడలేదంటే, విరుగు వెంట్రుకంత సన్నగా ఉండి ముక్కలు పక్కకి జరగకపోతే ఆ రోజు ఫిల్ములో ఒక్కోసారి గీత పడదు. పది పద్నాలుగు రోజులకి విరిగిన అంచుల దగ్గర ఎముక కొంచెం కరుగుతుంది, సందు వెడల్పై అప్పుడు కనిపిస్తుంది. అందుకే ఆ గుంటలో నొప్పి ఉంటే, ఎక్స్‌రే బాగున్నా సరే, విరిగిందనే అనుకుని బొటనవేలు కదలకుండా కట్టు వేసి, రెండు వారాలకి మళ్లీ తీస్తారు. మణికట్టు చిటికెనవేలి వైపు వంచి తీసే ప్రత్యేకమైన ఫిల్ము కూడా ఉంది, అందులో ఈ ఎముక పొడుగ్గా సాగి కనిపిస్తుంది. ఎమ్మారై తీస్తే ఇంకా ముందే తెలుస్తుంది, కానీ అది అందరికీ అందేది కాదు. రెండో ఎక్స్‌రే మాత్రం ఎవరైనా తీయించుకోగలరు. అప్పుడే దొరికి ఉంటే మావాడికి రెండు మూడు నెలలు పిండికట్టుతో అతికిపోయేది.

మనిషి ఒంట్లో మొట్టమొదట ఎక్స్‌రే బొమ్మలో పడింది కూడా చెయ్యే. 1895 డిసెంబరు 22న, ఎక్స్‌రేలు కనిపెట్టిన రాంట్‌జెన్ తన భార్య చేతిని తీశాడు. ఆ బొమ్మలో వేళ్ల ఎముకలు, ఉంగరం స్పష్టంగా కనిపిస్తాయి. ఆ బొమ్మ గురించి పిల్లలకి ఏటా చెప్పేదాన్ని. ఎక్స్‌రేకి కనబడనిది కూడా ఉంటుందని ఒక్క ఏడైనా చెప్పలేదు. నాకే తెలియదు.

మావాడికి తుంటి ఎముకలోంచి కొంత గుజ్జు తీసి ఆ సందులో పెట్టి, చిన్న స్క్రూ బిగించారు. ఆపరేషను బాగానే అయింది. ఎముక అతికింది. కానీ మణికట్టు పూర్తిగా వెనక్కి వంగదు. అరచెయ్యి నేలకి ఆనించి దండీ తీయలేడు. ఈలోగా వయసూ దాటిపోయింది. ఇప్పుడు సెల్‌ఫోన్ల దుకాణంలో పని చేస్తున్నాడు, బాగానే ఉన్నాడు. ర్యాలీ తేదీలు పేపర్లో పడిన రోజు మాత్రం అన్నం సరిగా తినడు.

ఇక ఆ ఫొటోలోని పాదాల సంగతి.

పోయిన ఏడాది మా పక్కింటి కుర్రాడు ర్యాలీ నెలన్నర ఉందనగా పరుగు మొదలుపెట్టాడు. అంతకుముందు అలవాటు లేదు. 1600 మీటర్లు టైములో కొట్టాలని మొదటి వారం నుంచే పొద్దునా సాయంత్రం తారు రోడ్డు మీద పరుగే. మూడో వారంలో పాదం పైభాగాన నొప్పి వచ్చింది. పరిగెడితే పెరిగేది, పడుకుని లేస్తే తగ్గేది. కొన్నాళ్లకి నడుస్తున్నా నొప్పే. వాళ్లమ్మ బామ్ రాసి, వేన్నీళ్లలో పెట్టించింది. “పిన్నీ, నువ్వోసారి చూడు” అని వాడే నా దగ్గరికొచ్చాడు. పాదం మీద ఒక్క వేలితో వరసగా నొక్కుకుంటూ పోయాను. బొటనవేలి ఎముక దగ్గర ఏమీ లేదు, రెండో దాని దగ్గరా లేదు. మూడోదాని మధ్యలో వేలు పడగానే కాలు లాక్కున్నాడు. నొప్పి రూపాయి బిళ్లంత చోటులోనే ఉంది.

దీన్ని మార్చ్ ఫ్రాక్చర్ అంటారు. 1855లోనే ప్రష్యా సైన్యంలో బ్రైట్‌హాప్ట్ అనే వైద్యుడు దూరాలు నడిచే సైనికులకి పాదాలు వాచి నొప్పెడుతున్నాయని రాసి పెట్టాడు. అప్పటికి ఎక్స్‌రేలు లేవు, కారణం తెలియలేదు. ఎక్స్‌రే వచ్చాక 1897లో ఆ వాపుల కింద ఉన్నది విరిగిన ఎముకేనని తేలింది. ఇక్కడ ఒక్క దెబ్బకి విరగడం ఉండదు. ఎముక ఇటుక గోడలాంటిది కాదు, రోజూ తనని తాను మరమ్మతు చేసుకునేది. కొత్త బరువు పడగానే ముందు పాత ఎముకని కొంత తవ్వేస్తుంది, తర్వాత నెమ్మదిగా గట్టిది కడుతుంది. ఆ కట్టడానికి వారాలు పడుతుంది. రోడ్డు తవ్వి తారు వెయ్యకముందే లారీలు వదిలితే ఏమవుతుందో, నెలన్నరలో ర్యాలీ అనుకుని పరిగెత్తే కుర్రాడి పాదంలో అదే అవుతుంది. ముఖ్యంగా రెండో ఎముకకి, మూడో ఎముకకి ఈ బాధ ఎక్కువ. రెండోది మరీ పొడవు. దాని మొదలు గొడ్డలి పిడిలో కొట్టిన చెక్కముక్కల్లాంటి మూడు ఎముకల మధ్య బిగిసి ఉంటుంది. పక్కవాటిలా అది కదిలి తప్పించుకోలేదు.

దీనికీ మొదటి ఎక్స్‌రే మోసం చేస్తుంది. ఆ కుర్రాడికి కూడా తీశారు, ఏమీ లేదన్నారు. ఈసారి నేను ఊరుకోలేదు. పరుగు మాన్పించి, మూడో వారంలో మళ్లీ తీయించాను. మూడో ఎముక నడుము చుట్టూ దూది పింజ చుట్టినట్టు మసకగా తెల్లటి పొర ఉంది. అది ఎముక అతుక్కుంటున్నప్పుడు వేసుకునే పొర. ఫిల్ము కిటికీకి ఆనించి ఎంతసేపు చూశానో. మావాడి ఫిల్ములో చూసిన తెలుపు వేరు, ఇది వేరు. ఏడు వారాలు విశ్రాంతి అన్నారు. వాడు ఆ ర్యాలీకి వెళ్లలేకపోయాడు. అప్పుడు వాళ్ల నాన్న నా మీద కోపం పెట్టుకున్నాడు. తర్వాత వాడు వారానికి కొంచెం చొప్పున పెంచుకుంటూ ఇసక నేల మీద మొదలుపెట్టాడు. ఇప్పుడు నొప్పి లేకుండా పరిగెడుతున్నాడు. వాళ్ల నాన్న మొన్న పనసకాయ తెచ్చి గుమ్మంలో పెట్టి వెళ్లాడు.

పాదం గురించి ఇంకో మాట. ఉద్దానంలో కొబ్బరిచెట్లు ఎక్కేవాళ్లు, మా వైపు తాడి ఎక్కేవాళ్లు జారి కాళ్ల మీద పడితే ముందు పగిలేది మడమ ఎముక, పాదంలో అన్నిటికంటే పెద్దది. అలా పడ్డవాళ్లకి మడమతో పాటు వెన్ను కూడా చూడాలని డాక్టర్లు అంటారు, అదే ఊపు నడుం దాకా పోతుంది కాబట్టి. మడమకి కట్టేసుకుని నడుం నొప్పి గురించి చెప్పకుండా ఊరుకునేవాళ్లు ఉంటారు. దయచేసి చెప్పండి.

ఇప్పుడు నా కోరికలు. మొదటిది వైద్యాధికారులకి. చిన్నా పెద్దా ఏ ఆసుపత్రిలోనైనా చేతికి గాని పాదానికి గాని ఎక్స్‌రే తీసి ఏమీ లేదన్నప్పుడు, ఆ చీటీ మీద తెలుగులో ఒక్క వాక్యం అచ్చు వెయ్యండి: ‘నొప్పి తగ్గకపోతే రెండు వారాల తర్వాత ఈ ఫిల్ముతో మళ్లీ రండి.’ రబ్బరు స్టాంపు చేయించినా చాలు. మా ఊళ్లో చీటీ పారేసేవాళ్లు తక్కువ, మడతపెట్టి రేషన్ కార్డుతో పాటు దాచుకుంటారు.

రెండోది వ్యాయామ ఉపాధ్యాయులకి, కుర్రాళ్లకి కోచింగ్ ఇచ్చే మాజీ సైనికులకి. మీరు చెప్తే వాళ్లు వింటారు, అమ్మలు చెప్తే వినరు. చెయ్యి చాచి పడ్డవాడికి మూడు చోట్ల చూడండి. ముక్కుపొడుం గుంటలో నొక్కితే నొప్పా, అరచేతి వైపు బొటనవేలి మెత్త కింద, మణికట్టు మడత దగ్గర తగిలే చిన్న బొడిపె మీద నొప్పా, బొటనవేలిని కొననుంచి లోపలికి నెడితే నొప్పా. ఏ ఒక్కటి ఉన్నా నూనె రాయకండి, లాగకండి, ఎముకల డాక్టరుకి చూపించండి. పాదం పైన ఒకే చోట వేలు పెట్టి చూపించగలిగే నొప్పి ఉంటే పరుగు ఆపించండి. ఇది డాక్టరు దగ్గరికి ఎప్పుడు పంపాలో తెలుసుకోవడానికే, వైద్యం చెయ్యడానికి కాదు.

మూడోది మీకు. మీ విద్యార్థుల పేజీలో ఒకసారి చేతి ఎముకల బొమ్మ, పాదం ఎముకల బొమ్మ తెలుగు పేర్లతో పెద్దదిగా వెయ్యండి. సంక్రాంతి కబడ్డీలకి ముందు వేస్తే మరీ మంచిది. క్లాసులో వాడిన పటాలు నా దగ్గర రెండున్నాయి, డ్రాయింగు షీటు మీద నేనే ఇండియన్ ఇంకుతో గీసినవి. చేతిలో స్కాఫాయిడ్‌కి, పాదంలో నావిక్యులర్‌కి ఎర్రరంగు వేశాను. రెండు పేర్లకీ పడవ అనే అర్థం. అంచులు కొంచెం నలిగాయి గాని బొమ్మలు బాగున్నాయి. పంపమంటే మీ శ్రీకాకుళం ఆఫీసుకి మావాడి చేత పంపిస్తాను. వాడి దుకాణం ఆ దారిలోనే.

ఇట్లు,
విశ్రాంత జీవశాస్త్ర ఉపాధ్యాయిని,
ఆమదాలవలస మండలం, శ్రీకాకుళం జిల్లా